తబితా కాడిల్ గంటలు ఏ గడిలోకి?

తబితా కాడిల్ కుదురుగా కూర్చుని తినడం నేనెన్నడూ చూడలేదు. క్లినిక్ గోడకు ఆనుకుని నిలబడి, ఒక చేత్తో మొక్కజొన్న రొట్టె కొరుకుతూ, రెండో చేత్తో కారు తాళాలు గలగలలాడిస్తూ, "ఇంకెవరినైనా దింపాలా అక్కా?" అనేది.

తూర్పు కెంటకీ కొండల్లో మాది చిన్న క్లినిక్. వచ్చేవాళ్లలో సగం మంది బొగ్గు గనుల్లో వయసు అరగదీసుకున్నవాళ్లు. నేను ఊపిరి పరీక్షలు చేసే నర్సును. నోటికి గొట్టం పెట్టి, "ఊదండి, ఆపకండి, ఇంకా, ఇంకా" అని అరవడం నా ఉద్యోగం. ఆ మనుషుల్ని కొండమీది ఇళ్ల నుంచి తీసుకురావడం, తిరిగి దింపడం తబితా తనంతట తాను నెత్తినేసుకున్న పని. వాళ్ల నాన్న కూడా ఆ బొగ్గు దుమ్ముతోనే పోయాడు. డాక్టరు కావాలన్న కోరిక ఆమె పైకి అనలేదు గాని, బడిలో వంటచేసే వాళ్లమ్మ నోలా అన్నం వడ్డించినంత తేలిగ్గా ఆ కబురు ఊరంతా వడ్డించింది.

తబితా కాలేజీ రెండో ఏట ఉండగా డాక్టర్ వెస్కాట్ అనే పరిశోధకుడు పెద్ద ఊరి నుంచి వచ్చాడు. నడివయసు గనివాళ్లకే ఊపిరితిత్తులు ఎందుకింత తొందరగా నల్లబడుతున్నాయో తేల్చాలని ఆయన పట్టుదల. ఎన్ని తలుపులు తట్టినా ఎవరూ తీయలేదు. కొత్తవాడు కాగితాలు పట్టుకుని గుమ్మంలో నిలబడితే మావాళ్లకు కంపెనీ లాయరే గుర్తొస్తాడు. చివరికి ఆయన తబితాను అడిగాడు. తబితా తడితే తీయని తలుపు ఈ లోయలో లేదు.

అలా రెండేళ్లు. పరిశోధనకు ఒప్పుకుంటున్నామనే పత్రం చదివి వినిపించి, సంతకం చేయించుకుని, ఎన్నేళ్లు పనిచేశారు, ఏ సొరంగంలో, ముక్కుకు ఏం కట్టుకునేవారు అని అడిగి రాసుకునేది. ఆ పని అయ్యాక కట్టెలు కొట్టేది, మందుల షాపుకు వెళ్లొచ్చేది, మూసుకుపోయిన సింకు బాగుచేసేది. ఒక్కోసారి పత్రం బయటికే తీయకుండా కట్టెలు మాత్రం కొట్టి వచ్చేది.

చిక్కు మూడో ఏడు అయ్యాక, వైద్య కళాశాలలకు అప్లికేషన్ పంపే వేసవిలో వచ్చింది. చేసిన ప్రతి పనినీ అందులో ఏదో ఒక గడిలో పెట్టాలి. స్వచ్ఛంద సేవ ఒక గడి, పరిశోధన ఒక గడి. ఒకే గంటను రెండు గడుల్లో వేయకూడదు. దేనికెన్ని గంటలో చెప్పాలి, వాటికి సాక్ష్యం పలికే మనిషి పేరివ్వాలి. ఒకసారి పంపాక దిద్దడానికి లేదు.

కాలేజీలో ఈ వ్యవహారాలు చూసే మిసెస్ ఎల్డ్రిడ్జ్ మంచి మనిషి. తన దగ్గర చదివే పిల్లల్ని ఎలాగైనా వైద్య కళాశాలలోకి తోయాలని ఆరాటం.

"సేవ కింద పెట్టావా? వద్దమ్మా," అంది. "సేవ అందరూ చేస్తారు. వేసవిలో ఆసుపత్రి వరండాలో పూలకుండీలు సర్దినవాళ్లు కూడా సేవే రాస్తారు. నీ రెండేళ్లూ పరిశోధనలో వెయ్యి. వెస్కాట్ గారు సంతకం పెడతానన్నారుగా?"

"ఆయన పెడతారు మేడమ్. కానీ అందులో సగం కట్టెలు కొట్టిన గంటలే."

"కట్టెలు కొట్టడం వల్లేగా వాళ్లు నోరు విప్పారు? అదీ పరిశోధనలో భాగమే. ఇంకేం ఆలోచించకు."

ఆ మాట విని తబితా ఒప్పుకుంది. ఒప్పుకుని ఇంటికెళ్లి, తన జీవితంలో అన్నిటికన్నా ముఖ్యమైన అనుభవం గురించి రాయమన్న చోట హోబర్ట్ స్లోన్ సంగతి రాసింది.

హోబర్ట్ ముక్కుకు ఎప్పుడూ ఆక్సిజన్ గొట్టంతో బతికే ముసలాయన. ఒక చలికాలం మధ్యాహ్నం తబితా కట్టెలు కొట్టి పొయ్యి పక్కన పేరుస్తుంటే, అడగకుండానే చెప్పాడు. గనిలో గాలి దుమ్ముతో ఎంత చెడిందో కొలవడానికి పనివాళ్ల నడుముకు ఒక డబ్బా తగిలించేవారట. హోబర్ట్ తన గుంపు మొత్తం డబ్బాలు పోగుచేసి, మంచి గాలి వచ్చే దారిలో వేలాడదీసేవాడు. లెక్కలు శుభ్రంగా వచ్చేవి, గని ఆగేది కాదు. అలా చెయ్యమన్న మేస్త్రీ డెన్వర్, హోబర్ట్ భార్యకు స్వయానా అన్న. ఇప్పటికీ ఆదివారం చర్చిలో ఇద్దరూ ఒకే బల్ల మీద కూర్చుంటారు. ఆ గుంపులో హోబర్ట్ తన చేతుల మీదుగా పని నేర్పిన ఇద్దరు అప్పటికే పోయారు.

పేర్లు లేకుండా ఇదంతా రాసి మిసెస్ ఎల్డ్రిడ్జ్‌కి చూపిస్తే ఆవిడ కళ్లు చెమ్మగిల్లాయి. "ఇదే నిన్ను లోపలికి తీసుకెళ్తుంది," అంది.

అదుగో, అప్పటి నుంచి తబితాకు కాలు నిలవలేదు. ఆ గంటల్ని పరిశోధన నుంచి సేవలోకి, సేవ నుంచి పరిశోధనలోకి మారుస్తూనే ఉంది. పని లేకున్నా కారు తీసుకుని వాగు దాకా వెళ్లొచ్చేది. ఒక రోజు ఊపిరి పరీక్ష గదిలోకి వచ్చి, ఆ మూల నుంచి ఈ మూలకు తిరగడం మొదలెట్టింది.

"పరిశోధన గంటల్లో చెప్పిన మాటైతే డాక్టర్ వెస్కాట్‌కి ఇవ్వాలి కదక్కా? ఆయన పరిశోధన రిపోర్టులో వెయ్యాలి. కట్టెల గంటల్లో చెప్పిన మాటైతే నేనెక్కడా రాయకూడదు. నేనేమో ఆయనకీ ఇవ్వలేదు, నా అప్లికేషన్లో మాత్రం రాసేసుకున్నాను. ఇదేం గడి?"

"నన్నడిగితే ఏం లాభమే? మాట ఎవరిదో వాళ్లనడుగు," అన్నాను. "ముందు ఆ తిరుగుడు ఆపు, నా కళ్లు తిరుగుతున్నాయి."

మధ్యాహ్నం హోబర్ట్ ఇంటికి వెళ్లింది. ఆయన వరండాలో బీన్స్ వలుస్తున్నాడు.

"తాతా, ఆ డబ్బాల సంగతి చెప్పావు చూడు..."

"ఏ డబ్బాలు?" అన్నాడు, తెలిసే.

"గనిలో డబ్బాలు. వాటి గురించి నా అప్లికేషన్లో రాశాను. నీ పేరు రాయలేదులే."

హోబర్ట్ చేతిలో కాయ చేతిలోనే ఆగిపోయింది. "పేరెందుకే? నీ కారెక్కే ముసలోళ్లు ఎవరెవరో ఈ లోయలో కుక్కలకి కూడా తెలుసు. డెన్వర్‌కి తెలీదా?" ఆయనకు ఆయాసం వచ్చింది. కాసేపు గాలి పీల్చుకున్నాడు. "ఒక్కటి చెప్పు. ఆ రోజు నువ్వు కట్టెలు కొట్టడానికొచ్చావా, నా నోట్లో మాట లాగడానికొచ్చావా?"

"కట్టెలకే వచ్చాను తాతా."

"ఆ కాగితం ఏదో చదివి సంతకం పెట్టించుకుంటావే, ఆ రోజు పెట్టించుకున్నావా?"

"లేదు."

"మరింకేం? కట్టెలకొచ్చిన పిల్లవి కట్టెలకొచ్చినట్టే ఉండు."

అంత మాట అన్నాక కూడా, "పొయ్యి మీద పులుసుంది, తినిపో" అన్నాడు. తబితా తినకుండానే కారెక్కింది.

ఇంటికొచ్చి ఆ పేరాలు మొత్తం తీసేసింది. సంతకం తీసుకుని, ప్రశ్నలడిగి, రాసుకున్న గంటలనే పరిశోధనలో ఉంచింది. కారు తోలినవి, కట్టెలు కొట్టినవి, ఊరికే పక్కన కూర్చున్నవి, అన్నీ సేవలోకి వెళ్లాయి. పరిశోధన గడి చిక్కి సగమైంది. మిసెస్ ఎల్డ్రిడ్జ్ అది చూసి తల పట్టుకుంది. "నీ కాళ్లు నువ్వే నరుక్కున్నావమ్మా. ముఖ్యమైన అనుభవం అన్నచోట ముసలివాళ్లని కారులో తిప్పాను అని రాశావు. ఎవరు చదువుతారిది?" అంది. తబితా అలాగే పంపేసింది. పంపాక కూడా నెమ్మది రాలేదు. తప్పు చేశానా అని ఒక పూట, ఇంకా ముందే అడగాల్సింది కదా అని ఒక పూట.

హోబర్ట్ ఆమె కారెక్కడం మానేశాడు. పరీక్షలకు ఎవరి ట్రక్కులోనో వచ్చేవాడు. నా గదిలో గొట్టం నోట్లో పెట్టుకునే ముందు, "ఆ పిల్ల పంపేసిందా?" అని అడిగాడు.

"పంపింది. నీ మాట ఒక్కటీ లేదు అందులో."

ఆయన గొట్టం నోట్లో పెట్టుకుని ఊదాడు. ఆ రోజు ఊదిన ఊపిరి అంతకు ముందు కంటే బాగా తగ్గింది.

ఆకులు రంగు తిరిగే రోజుల్లో తబితాకు ఆయన దగ్గర్నుంచి ఫోను వచ్చింది. "కాగితాలు పట్టుకురా," అన్నాడు, అంతే. వెళ్లేసరికి వరండాలో ఇద్దరున్నారు. రెండో కుర్చీలో డెన్వర్. ఆయన ముక్కుకూ గొట్టమే. ఒకే దుమ్ము మేస్త్రీని వదిలిపెడుతుందా?

"నేనే వీడితో చెప్పాను, ఆ పిల్ల నీ గురించి రాయబోయి మానుకుందని," అన్నాడు హోబర్ట్. "వారం రోజులు నాతో మాట్లాడలేదు వీడు."

"ఆ తర్వాత మాట్లాడకేం చేస్తాను, నువ్వు కాక ఇంకెవరున్నారు మాట్లాడ్డానికి?" అన్నాడు డెన్వర్. తబితా వైపు తిరిగి, "ఆ డబ్బాలు వేలాడదియ్యమన్నది నేను. అది కూడా రాయి. మా పై అధికారి చెప్పాడని కూడా రాయి. ముందు ఆ కాగితం చదువు, వింటాం," అన్నాడు.

తబితా చదివింది. మధ్యలో తడబడి రెండుసార్లు మొదటి నుంచి చదవాల్సి వచ్చింది. ఇద్దరూ సంతకాలు పెట్టారు. చీకటిపడే దాకా చెప్పారు. వాళ్లను చూసి ఆ గుంపులో మిగిలినవాళ్లు కూడా ఒక్కొక్కరే కబురు పెట్టారు. డాక్టర్ వెస్కాట్ పరిశోధనకు అక్కడి నుంచే నడక వచ్చింది.

ఆ గంటలేవీ తబితా అప్లికేషన్లో లేవు. అది అప్పటికే చేతులు దాటిపోయింది. ఇంటర్వ్యూకి ఒక్క కళాశాలే పిలిచింది. "మీ అధ్యాపకులు సిఫారసు ఉత్తరంలో రెండేళ్ల పరిశోధన అని రాశారు, మీరేమో ఇంత తక్కువ చూపించారు. ఏది నిజం?" అని అడిగారట.

"మిగతా టైములో వాళ్లు నన్ను ఇంటి పిల్లలా రానిచ్చారండీ. దాన్ని పరిశోధన అనలేను," అందిట.

అడిగినావిడ తలూపి ఏదో రాసుకుందట. మెచ్చుకునో, జాలిపడో తెలియదు. ఆ ఏడు సీటు రాలేదు. నోలా మూడు రోజులు ఏడ్చి, మిసెస్ ఎల్డ్రిడ్జ్‌ని, ఆ కళాశాలని, మధ్యలో నన్ను కూడా తిట్టింది. తబితా మా క్లినిక్‌లోనే సహాయకురాలిగా చేరి, మళ్లీ అప్లికేషన్ పెట్టింది. పాత లెక్క మార్చలేదు, కొత్త గంటలు కలిపింది. రెండో ఏడు మార్చిలో మా రాష్ట్రంలోని కళాశాలే సీటిచ్చింది.

హోబర్ట్ అప్పటికి లేడు. జనవరిలో పోయాడు. అందుకని తబితా ఆ కబురు పట్టుకుని డెన్వర్ దగ్గరికి పరుగెత్తింది. వెనకే నేనూ వెళ్లాను.

"అయితే మా ఊపిరితిత్తులు చూసే డాక్టరవుతావన్నమాట," అన్నాడాయన.

"తెలీదు తాతా."

"తెలీదా? ఇంత చేసి?"

"ముందు చదవనీ."

"సరే. తెలిశాక చెప్పు. అప్పటిదాకా నేనుంటే."

ఆ వేసవిలో వెళ్లింది. ఇప్పుడు మూడో ఏడు. ఏ డాక్టరవ్వాలో ఇంకా తేలలేదు. పోయిన నెల ఫోనులో ఎముకలంది, మొన్నేమో పిల్లల వార్డు అంది. డెన్వర్ పరీక్షకు వచ్చినప్పుడల్లా అడుగుతున్నాడు, నేను తాజా కబురు చెబుతున్నాను.