నేల చల్లదనం వెతికిన టీచరు

బాంబూఫ్లాట్‌లో మా కొత్త ఇంటికి పునాది గుంతలు తవ్విస్తున్నాం. నిన్న ఉదయం చెప్పులు విడిచి ఒక గుంతలోకి దిగాను. ఎండ నెత్తిని మాడుస్తున్నా అరికాళ్ళకు తడిమట్టి చల్లగా తగిలింది. గట్టు మీద నిలబడ్డ మా ఆవిడ సునీత, "ఈ చల్లదనాన్నే పైపులతో ఇంట్లోకి లాక్కోవచ్చట కదా, ఏసీ అక్కర్లేదట. వీడియోలో చూశాను" అంది. ఆ మాటతో నాకు రాజ్యలక్ష్మి టీచరు గుర్తొచ్చారు. ఆవిడ పోయి ఏడాది దాటింది. సరిగ్గా ఈ ఆలోచనతోనే ఆవిడా నేనూ ఒకప్పుడు ఒక వేసవీ, ఒక వానాకాలమూ గడిపాం.

చిన్నప్పుడు బడిలో మాకు సైన్సు చెప్పారు ఆవిడ. నేను ఇళ్ళు కట్టే పనిలోకి దిగిన కొత్తలో, ఆవిడ రిటైరవగానే నన్ను పిలిపించారు. భర్త అప్పలస్వామిగారు హాడో రేవులో క్రేను నడిపినాయన. ఊపిరితిత్తులు దెబ్బతిని ఇంటిపట్టునే ఉండేవారు. జంగ్లీఘాట్‌లో వాళ్ళది గాలి ఆడని అద్దె ఇల్లు. కరెంటు పోతే ఆయన గుమ్మంలో కూర్చుని, మోకాళ్ళ మీద చేతులానించి, ఒక్కో ఊపిరీ వెతుక్కునేవారు. టీచరు పక్కన కూర్చుని విసురుతూనే నాతో మాట్లాడారు. "మోహన్, నేలలో లోతుగా పైపు పాతి, దాంట్లోంచి గాలి ఇంట్లోకి తెద్దాం. చిన్న ఫ్యాను చాలు, బ్యాటరీ మీద నడుస్తుంది. కరెంటు పోయినా ఈయనకు ఊపిరాడాలి." ఈ దీవుల్లో అలాంటి ఇల్లు నేను చూసి ఎరగను. మొదటిది నా చేతుల మీదుగా లేస్తుందని నాకెంత ఉబలాటమో చెప్పలేను.

టీచరు మాత్రం ముందు ప్రయత్నించి చూద్దామన్నారు. ఫెర్రీ దాటితే వచ్చే బాంబూఫ్లాట్‌లో వాళ్ళు కొన్న స్థలంలో పొడవాటి కందకం తీసి పైపు పాతించాం. దాని చివర ఒక చిన్న చెక్క గది వేశాం. సంగతి అందరికీ తెలిసిపోయింది. జంగ్లీఘాట్‌లో ఎదురింటి దీదీ రోజూ ఆటపట్టించేది. "టీచర్‌జీ, జమీన్ లోంచి ఠండీ హవా ఎప్పుడొస్తాది?" టీచరు నవ్వి, "రానివ్వు, నీకే ముందు చూపిస్తాను" అనేవారు. ఎండాకాలంలో గదిలోకి వచ్చిన గాలి బయటి గాలి కంటే కాస్త చల్లగానే ఉంది. నేను పొంగిపోయాను. ఆవిడ అరచెయ్యి పైపు మూతి దగ్గర పెట్టి, "కాస్తే" అన్నారు.

వానలు పట్టాక పైపు లోపల నీరు చెమర్చింది. గాలికి ముక్కిన వాసన వచ్చింది. ఒకరోజు అప్పలస్వామిగారు తానూ చూస్తానని పట్టుబట్టి ఫెర్రీ ఎక్కి వచ్చారు. ఆ గదిలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. "అచ్ఛా హై లచ్చిమీ, సల్లగుంది. ఇల్లు ఇలాగే కట్టించీ" అన్నారు. అంటూనే తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నారు. దగ్గు వినపడనివ్వకూడదని ఆయన తంటాలు. భుజాలు మాత్రం అదురుతున్నాయి. టీచరు లేచి ఫ్యాను ఆపేశారు.

"పైపు వాలు సరిచేద్దాం టీచర్, నీరు దిగిపోతుంది" అన్నాను.

"నీరు దిగినా చెమ్మ పోదు. చలి దేశాల్లో శీతాకాలం నేలను చల్లబరుస్తుంది. మనకు చలికాలమే లేదుగా, లోపలి నేల కూడా వెచ్చగానే ఉంటుంది. ఆ కాస్త చల్లదనం కోసం ఈయనకు బూజు గాలి పెడతామా?"

"పోనీలే, ఇంత కష్టపడ్డావు కదేటి" అన్నారు ఆయన.

"కష్టపడ్డాను కాబట్టే తెలిసింది" అన్నారామె, ఆయన వీపు రాస్తూ.

ఫెర్రీలో తిరిగి వస్తుంటే ఆవిడ ముఖంలో ఓడిపోయిన ఛాయ కోసం వెతికాను. కనిపించలేదు. ముఖం మాడ్చుకున్నది నేనే. ఆ సాయంత్రం దీదీ అడగకముందే టీచరే వెళ్ళి, "మనకు పనికిరాదు దీదీ, చూసేశాం" అని చెప్పారు. దీదీ ఆటపట్టించలేదు. లోపలికి పిలిచి టీ ఇచ్చింది.

తర్వాత ఆ స్థలంలోనే ఇల్లు లేపి, రెండు పొరల కప్పు వేసి మధ్యలో గాలి పారేలా వదిలాం. సముద్రం వైపు పెద్ద కిటికీలు, చుట్టూ వెడల్పు వరండా పెట్టాం. చూడ్డానికి అందరి ఇళ్ళ లాంటిదే. అప్పలస్వామిగారు ఆ వరండాలో చాలా ఏళ్ళు బతికారు. కరెంటు లేని మధ్యాహ్నాలు కూడా అక్కడే కునుకు తీసేవారు.

ఆ తర్వాత ఎన్నో ఇళ్ళు కట్టాను. ఎవరైనా కొత్త పద్ధతేదో చూసి ఉత్సాహంగా వస్తే కాదనను, ప్రయత్నించి చూద్దామంటాను. కానీ ముందుగా, ఆ ఇంట్లో రోజంతా ఉండేదెవరని అడుగుతాను. ఏ ముసలాయనో, మంచం పట్టిన తల్లో ఉంటే వెళ్ళి వాళ్ళ పక్కన కాసేపు కూర్చుంటాను. బాగుందని వాళ్ళు నోటితో చెప్పినా, ఊపిరి ఎలా ఆడుతోందో చూసి లేస్తాను.