ఫ్లెక్సీ కింద పట్టుగూళ్లు

నాయకుల ముఖాలు వానకు తడవవు. ఈ సంగతి సదుం దోవలో ఉన్న మా అక్క ఊళ్లో నాకు తెలిసొచ్చింది. రెండువేల సంవత్సరం దాటాక వచ్చిన పార్లమెంటు ఎన్నికలవి. గోడల మీద రాతలు పోయి ఫ్లెక్సీలు కొత్తగా దిగిన కాలం. ఢిల్లీ నుంచి వచ్చే ఒక పెద్ద నాయకుడి ముఖాన్ని, పార్టీ కుర్రాళ్లు అడగను కూడా అడక్కుండా అక్కావాళ్ల పురుగులింటి గోడకు మేకులు కొట్టి కట్టిపోయారు. ఆ చప్పుడుకు పురుగులు ఎక్కడ మేత మానేస్తాయోనని అక్క రెండు రోజులు వాళ్లను తిట్టిపోసింది.

పురుగులంటే పట్టుపురుగులు. అవి పెరిగే ఇంట్లోకి బయటివాళ్లను రానివ్వరు. వాసన పడదని అక్క ఆ రోజుల్లో తిరగమాత పెట్టేది కాదు, తలకు నూనె కూడా రాసుకునేది కాదు. పురుగు మేత మాని చర్మం విడిచే రోజుల్ని మావైపు జ్వరం అంటారు. నాలుగు జ్వరాలు దాటితేనే అది గూడు కడుతుంది. ఢిల్లీకీ ఒక జ్వరం ఉంది, ఎన్నికలప్పుడు వస్తుంది. అది తగ్గాక మనమెవరో వాళ్లకు తెలియదు.

అంతకుముందు రెండు పంటలు పోయాయి. ఒకటి రోగానికి పోయింది. రెండోసారి గూళ్లు బంగారంలా వచ్చాయిగానీ, ఢిల్లీలో ఎవరో మహానుభావుడు సంతకం పెట్టి చైనా పట్టుకు తలుపులు తీశాడు, ఇక్కడ ధర కూలిపోయింది. బావ తేల్చి చెప్పేశాడు. "ఈ పంట గూడా పోతే తోట పీకేస్తా. బెంగుళూరు పోయి కూలి చేసుకుందాం." పురుగులకు మేత ఆకు ఇచ్చే ఆ మల్బరీ తోట అక్క తన చేత్తో కడవలతో నీళ్లు మోసి బతికించుకున్నది. ఆ మాట విన్నప్పటి నుంచి అక్కకు అన్నం సరిగ్గా దిగలేదు.

కుప్పంలో చిన్న అంగడి పెట్టుకుని బతికే నేను, గూళ్లు విడిపించడానికి చెయ్యి సాయంగా వెళ్లాను. పంట నిజంగానే పండింది. పురుగులు గూళ్లు కట్టే వెదురు తట్టలు, చంద్రికల నిండా తెల్లటి గూళ్లు. అక్క ఒకటి చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. బతికే ఉన్నానన్నట్టు లోపల పురుగు గలగలమంది. చాలా రోజుల తర్వాత అక్క ముఖంలో నవ్వు చూశాను.

తెల్లారి మదనపల్లె గూళ్ల మార్కెట్టుకు బయలుదేరే వేళకు వాన అందుకుంది. ట్రాలీ ఆటోలో గూళ్ల సంచులు వేసి ఏం కప్పాలా అని చూస్తుంటే, బావ పోయి గోడ మీది ఫ్లెక్సీ ఊడదీసుకొచ్చాడు.

"ఇన్నాళ్లకు ఈయప్ప మనకొక పనికొచ్చినాడు సూడు" అన్నాడు.

"గాలాడాల గదప్పా. బిగించి కడితే ఉడికిపోతాయి" అంది అక్క.

"ఎంత దావ? ఇట్లా పోయేది, అట్లా దించేది. తడిస్తే ఎవురు కొంటారు?"

ఆయన మాటా తప్పు కాదు. తడిసిన గూడును ఎవరూ ముట్టుకోరు. నాయకుడి చిరునవ్వు పైకి వచ్చేలా కప్పి, తాళ్లు బిగించి బయలుదేరాం.

పుంగనూరులో పోలీసులు ఆపేశారు. ఆ ఫ్లెక్సీలోని పెద్దాయన కార్లు పోయేదాకా ఏ బండీ కదలకూడదట. ఇదిగో వస్తాండారు, అదిగో వస్తాండారు అంటూనే పొద్దు నెత్తిమీదికొచ్చింది. వాన వెలిసి ఎండ కాసింది. వాన తర్వాతి ఎండ ఎట్లా ఉంటుందో మాకు తెలుసు, ఒళ్లంతా ఉడుకుతుంది. అక్క ఫ్లెక్సీ కింద చెయ్యి పెట్టి చూసి అదిరిపడింది.

"కాలిపోతాండాదే!" అని తాడు విప్పబోయింది.

ఎక్కడున్నారో, జెండాల కుర్రాళ్లు పరిగెత్తుకొచ్చారు. మా ఆటోకు ఫ్లెక్సీ చూసి మమ్మల్ని వాళ్ల పార్టీ అనుకున్నారు. "తీయొద్దక్కా! ఆయన మొగాన్ని ఆయన ముందరే పీకేస్తారా? ఈడే ఉండనీండి, బాగా కనపడతాది" అని ముందర ఒక జెండా కూడా కట్టారు.

"లోపల పురుగులుండాయి నాయనా, సచ్చిపోతాయి" అని అక్క చేతులు జోడించింది.

"ఇంక ఐదు నిమిసాలేనక్కా!"

నాకు ఒళ్లు మండింది. "మీ నాయకుడి బొమ్మకు ఊపిరి అక్కరలేదురా, పురుగులకు కావాల!" అని అరిచాను. బావ నా రెక్క పట్టుకుని వెనక్కి లాగాడు. "ఊరుకో అమ్మా. మేము ఈడ బతకాల" అన్నాడు. విప్పిన తాడును మళ్లీ తనే కట్టాడు.

చివరికి కార్లు వచ్చాయి. అద్దాలు ఎత్తే ఉన్నాయి. లోపలి నుంచి ఒక చెయ్యి, మా ఆటో మీది తన ముఖానికి తానే ఊపుకుంటూ వెళ్లిపోయింది. వాడి మొహం మండ! మన దేశం ఎటు పోతోందని పేపర్లో రాస్తుంటారు. ఆ రోజు నేను చూశాను, అది మా పక్క నుంచే పోయింది, ఆగలేదు.

మదనపల్లె మార్కెట్టులో ఫ్లెక్సీ తీయగానే అన్నం కుండ మూత తీసినట్టు ఆవిరి కొట్టింది, వెనకే కుళ్లు వాసన. దారం తీసే వ్యాపారి ఒకాయన వచ్చి ఒక గూడును బ్లేడుతో కోసి చూపించాడు. పురుగు నల్లబడి నీరు కారింది.

"ఉక్కకు సచ్చి కుళ్లిపోయినాయి కదమ్మా. దీంట్లో దారం యాడ లేస్తాది?" అని పక్క కుప్ప దగ్గరికి పోయాడు.

వేలంలో మా కుప్పకు ఒక్కరూ పాట పాడలేదు. అక్క ఏడవలేదు. ఒక గూడు తీసి చెవి దగ్గర పెట్టి ఊపింది, మళ్లీ ఊపింది. బావ మాత్రం ఆ ఫ్లెక్సీని దులిపి జాగ్రత్తగా మడత పెట్టుకున్నాడు.

ఢిల్లీలో ఎవరో గెలిచారు, టీవీలో ఒకరి నోట్లో ఒకరు లడ్డూలు పెట్టుకున్నారు. ఆ వారమే బావ తోట పీకించాడు.

వానాకాలంలో కుప్పంలో రైలెక్కి బెంగళూరు పోయి వాళ్లను చూశాను. పెద్ద అపార్ట్‌మెంటు కడుతున్న చోట, ఇసుక కుప్ప పక్కన గుడిసె. కప్పుగా అదే ఫ్లెక్సీ. పడుకుని పైకి చూస్తే ఆయన నవ్వు వెనక నుంచి మసకగా కనిపిస్తోంది. మూడు పక్కలా తాళ్లు బిగించారు, నాలుగో పక్క వదిలేశారు. వాన జల్లు ఆ పక్క నుంచే వచ్చి పిల్లల పడక మీద కొడుతోంది.

"అది గూడా కట్టుకోవచ్చు గదే" అన్నాను.

"వద్దు" అంది అక్క, తడిసిన బొంత పిండుతూ. "లోపల పిల్లోళ్లుండారు. గాలాడాల."