నలుగురికీ ఒకే గిన్నె

ఆ శుక్రవారం విందుకు నేను పిలిచింది ముగ్గురిని. అందులో ఒకామె వస్తుందా రాదా అన్నదే నా బెంగంతా. ఆమె రాకపోతే మా గదిలో ఆమె మంచం ఇంకొకరికి వెళ్లిపోతుంది.

గది కువైట్‌లోని అబ్బాసియాలో, మూడో అంతస్తులో. వారమంతా అక్కడ ఉండేది టైలరక్క ఒక్కతే. రాయచోటి సాయిబుల ఇంటి మనిషి, కింద వీధిలోనే ఒక కుట్టు దుకాణంలో పని. మిగతా ముగ్గురం కువైటీ ఇళ్లలో పనిచేస్తూ శుక్రవారం సెలవు రోజున మాత్రం వచ్చేవాళ్లం. నేను అర్దియాలో ఒక ఇంట్లో వంటమనిషిని. మాలో పెద్దదైన, మేం వదిన అని పిలిచే ఆమె రాజంపేట దగ్గరి మనిషి, ఒక ఇంట్లో పిల్లల్ని చూసుకునేది. నాలుగో ఆమె అందరికన్నా చిన్నది, మా పక్క మండలమే. చెల్లెలా అని పిలిచేదాన్ని కాబట్టి ఇక్కడా చెల్లెలు అనే రాస్తాను. ఆ మాట రాసేటప్పుడు నాకు సిగ్గుగానే ఉంది.

చెల్లెలు పనిచేసే ఇంట్లో ఆమె పడుకునేది బట్టలుతికే మిషను పక్కన. అర్ధరాత్రి మిషను వేసినా అక్కడే పడుకోవాలి. ఆరు రోజులు నోట్లో తెలుగు మాట ఆడదు. శుక్రవారం పొద్దున గదిలోకి రాగానే తలుపు గడియ పెట్టి, మంచం మీద వెల్లకిలా పడి, "అబ్బా, నా ఇంటికొచ్చినా" అనేది. రెండేళ్లు అలా గడిచింది. ఆమె చేసే ఉలవచారుకు వదిన కూడా గిన్నె అడుగు నాకేది.

తర్వాత ఒక రోజు కింద కిరాణా కొట్టులో వాళ్ల ఊరి మనిషి ఎవరో కలిశాడు. మాటల్లో చెల్లెలిది ఊళ్లో కాదని, ఊరి బయట దళితవాడలో అని వదిన చెవిన పడింది. వదిన అరవలేదు, తిట్టలేదు. మరుసటి శుక్రవారం కాగితం కప్పుల కట్ట ఒకటి తెచ్చింది. "గ్లాసులు తోమే పని తప్పుతాది" అంది. తీరా టీ పోసేసరికి మా ముగ్గురికీ మా స్టీలు గ్లాసులే వచ్చాయి. కాగితం కప్పు చెల్లెలికి వచ్చింది. వాళ్లమ్మ పేరు చెక్కించి పంపిన చెల్లెలి గ్లాసు సింకు దగ్గర ఉంది. అందులో గిన్నెలు తోమే పీచు ఉంది.

చెల్లెలు ఆ టీ తాగింది. కప్పు నలిపి చెత్తబుట్టలో వేసింది. ఆ తర్వాత నాలుగు శుక్రవారాలు రాలేదు.

నేనేం చేశాను అని అడుగుతారేమో. ఏమీ చెయ్యలేదు. నాకు కోపం ఎక్కువ, కూరగాయల వాడితో పావుగంట పోట్లాడగలను. ఆ రోజు మాత్రం నా టీ నేను తాగాను. బస్సులో వెళ్తూ వదినను మనసులో చెడామడా తిట్టుకున్నాను, నేను అలాంటి దాన్ని కాదు కదా అని సంతోషించాను కూడా.

నాలుగో శుక్రవారం వదిన తేల్చి చెప్పింది. "వచ్చే వారం గూడా ఆ పిల్ల రాకపోతే మంచం మా ఊరామెకు ఇచ్చేస్తాం. పాపం, ఆమెకు యాడా చోటు లేదు."

అదే వారంలో మా మామా, అంటే నేను పనిచేసే ఇంటి యజమానురాలు, తన చిన్ననాటి స్నేహితురాళ్లకు విందు చేసింది. మా మామాకు యాభై దాటాయి. స్టోరు గదిలో వాళ్లమ్మ వాడిన, చీజు కరిగించే ఫాండ్యూ గిన్నె దొరికిందట, నారింజ రంగుది, కింద చిన్న మంట పెట్టే స్టాండుతో సహా. డెబ్బైల్లో వాళ్లమ్మ ఇచ్చిన విందుల్లాగే చెయ్యాలని సరదా పుట్టింది. పాత పాటలు పెట్టింది, అందరినీ పాతకాలపు గౌన్లు వేసుకుని రమ్మంది. వంట నాది. చీజు తురిమి, విరిగిపోకుండా కాస్త మొక్కజొన్న పిండి కలిపి, సన్నటి సెగ మీద కరిగించాలి. వేరే దేశాల్లో వైన్ పోస్తారట. మేము ఆపిల్ రసం, నిమ్మరసం పోశాం. తలా ఒక పొడుగాటి ఫోర్కు. దాని కొసకు రొట్టె ముక్క గుచ్చి, అందరూ ఆ ఒక్క గిన్నెలోనే ముంచుకుని తినాలి. ఎవరి ముక్క గిన్నెలో పడిపోతే వాళ్లకు శిక్ష, పాటో ఆటో.

తలుపు దగ్గర నిలబడి చూస్తున్నాను. ముంచడం, నోట్లో పెట్టుకోవడం, మళ్లీ అదే ఫోర్కు ముంచడం. అంతా ఎంగిలి! మా ఇంట్లో చిన్నప్పుడు కూర గరిటె నాలుకకు తగిలిందని మా నాయనమ్మ కూరంతా పారబోయించింది. అయితే వాళ్లలో ఇద్దరు రంజాను నుంచి మాట్లాడుకోవడం లేదని నాకు తెలుసు. ఒకామె ముక్క గిన్నెలో పడింది, రెండో ఆమె దాన్ని తన ఫోర్కుతో తీసి ఈమె నోట్లో పెట్టింది. ఇద్దరూ నవ్వారు, తర్వాత ఏడ్చారు.

అప్పుడు వచ్చింది నాకు ఆలోచన. ఒకే గిన్నె చుట్టూ కూర్చుంటే గ్లాసు గొడవ ఎక్కడిది? నా తెలివికి నేనే మురిసిపోయాను. మామాను అడిగితే మిగిలిన చీజు ఇచ్చింది, గిన్నె కూడా ఇచ్చింది. "జాగ్రత్త, మా అమ్మది" అని రెండుసార్లు చెప్పింది.

చెల్లెలికి ఫోన్ చేశాను. వెనక మిషను తిరుగుతున్న చప్పుడు.

"వొదిన ఉంటాదా?"

"ఉంటాది."

"కాయితం కప్పులుంటాయా అక్కా?"

"కప్పుల్లేవు, గ్లాసుల్లేవు. అందరికీ ఒగటే గిన్నె. నా మాట నమ్ము."

"సరేక్కా. నీ మాట మీద వస్తాండా."

శుక్రవారం మధ్యాహ్నం ఒంటిగంటకు నేల మీద దుప్పటి పరిచి గిన్నె మధ్యలో పెట్టాను. రొట్టె ముక్కలు, ఉడికించిన బంగాళాదుంపలు, టైలరక్క వేసిన మిరపకాయ బజ్జీలు చుట్టూ పేర్చాను. ఉప్పూ కారం లేనిది మా వాళ్లకు ఎక్కదని చీజులో వెల్లుల్లి కారం కలిపాను. మామా చూస్తే మూర్ఛపోయేది.

చెల్లెలు వచ్చింది. కొత్త చుడీదారు వేసుకుంది. చెప్పులు గుమ్మం బయటే విడిచింది. ఎప్పుడూ లోపల విడిచేది. వదిన, "రామ్మా, చిక్కిపోయినావే" అంది. గొంతు బాగానే ఉంది. చెల్లెలు తన మంచం మీద కూర్చోలేదు, దుప్పటి అంచున కూర్చుంది.

నేను ముందే చెప్పేశాను: "ఫోర్కు పెదాలకు తగలకూడదు. ముక్క ప్లేటులో దింపుకుని చేత్తో తినాల. అప్పుడు ఎంగిలి అనే మాటే రాదు." మామా వాళ్లు ఈ పద్ధతి పాటించలేదు గానీ, అసలు పద్ధతి ఇదేనని ఆవిడే చెప్పింది. ఆ మాట చెప్పేటప్పుడు నేను వదిన వైపే చూశాను.

వదిన అందరికన్నా ముందు ముంచుకుంది. తర్వాత టైలరక్క, తర్వాత నేను. చివర చెల్లెలు. ముక్క గుచ్చి, ముంచి, చుక్క కింద పడకుండా అరచెయ్యి అడ్డం పెట్టి, ప్లేటులో దింపుకుంది. ఆపరేషన్ చేసే డాక్టరు కూడా అంత జాగ్రత్త పడదు. మేమందరం ఆ ఫోర్కునే చూస్తున్నామని ఆమెకు తెలుసు. వదిన రెండో ముక్క గుచ్చుకుంది కానీ ముంచలేదు. ప్లేటులో అటూ ఇటూ తిప్పుతూ కూర్చుంది.

"ముంచు వొదినా, చల్లారిపోతాది" అన్నాను.

"ముంచుతాలే, తొందరేముంది?"

అంతలో టైలరక్క బజ్జీ ఒకటి జారి గిన్నెలో బుడుంగున మునిగింది. టైలరక్క, "యా అల్లా, నా బజ్జీ పాయె!" అని రెండు ఫోర్కులతో దేవులాడింది. శిక్షగా పెళ్లిపాట ఒకటి అందుకుంది, సగంలో మరచిపోయింది. చెల్లెలు పగలబడి నవ్వింది. నాలుగు వారాల తర్వాత ఆ నవ్వు వినడం. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంక ఫరవాలేదు అనుకున్నాను.

ఆ నవ్వులోనే చెల్లెలు మరచిపోయింది. దుంప ముక్క ముంచి, ఫోర్కుతోనే నేరుగా నోట్లో పెట్టుకుంది. "అక్కా, కారం బలే పడిందే" అంటూ అదే ఫోర్కు మళ్లీ ముంచింది.

వదిన తన ఫోర్కు ప్లేటులో పెట్టేసింది.

"నాకు చాలు" అంది.

"ఒగ ముక్కకే చాలా?" అంది టైలరక్క.

"ఎంగిలైపాయె గదా."

"నేను అప్పట్నుంచీ నోట్లోనే పెట్టుకుంటాండా గదా వొదినా. నా ఎంగిలి నీకు కనపళ్యా?" అంది టైలరక్క మళ్లీ.

"ఎవురిదైనా ఎంగిలి ఎంగిలే."

ఆ మాటను ఎవరూ కాదనలేరు. అదే దాని గొప్పతనం. ఎంగిలి అంటే శుభ్రం సంగతి, అందరికీ ఒకటే, అందులో కులం మాట ఎక్కడుంది? చెల్లెలి ముఖం నల్లబడిపోయింది. ఫోర్కు గిన్నెలో వదలాలో బయటికి తియ్యాలో తెలియక అలాగే పట్టుకుంది. చీజు అంచుల్లో గట్టిపడుతోంది. ఆమె ఇంక లేచి వెళ్లిపోతుందని నాకు భయం వేసింది. వెళ్తే మంచం పోయినట్టే.

ఏదో ఒకటి చెయ్యాలని లేచాను. "ఈ గొడవంతా ఎందుకు, తలా ఇంత పోసిస్తా, ఎవురిది వాళ్లు తినండి" అన్నాను. అందరినీ గట్టెక్కించేశానని నా ధీమా. అలమారలో చిన్న స్టీలు గిన్నెలు మూడే ఉన్నాయి. గరిటెతో పోశాను. ఒకటి వదిన ముందు పెట్టాను, ఒకటి టైలరక్క ముందు, ఒకటి నా చోట. నాలుగోది అలమార పైనుంచి తీసి, పోసి, చెల్లెలికి అందించాను.

అది కాగితం కప్పు.

ఎలా చెప్తే నమ్ముతారో తెలియదు. నేను ఆలోచించి ఇవ్వలేదు. స్టీలు గిన్నె ఆమెకు ఇచ్చి కాగితం కప్పు నేను తీసుకుని ఉండొచ్చు, అది కూడా తోచలేదు. చెయ్యి తనంతట తానే వెళ్లింది. టైలరక్క నా చేతి వైపు చూసి, తల తిప్పేసుకున్నాక గానీ నాకు తెలియలేదు.

చెల్లెలు కప్పు అందుకుంది. వేడికి కాగితం మెత్తబడి వంగుతోంది.

"అక్కా, కప్పుల్లేవన్యావే" అంది.

"అయ్యో, నేను చూసుకోలేదే చెల్లెలా..."

"వొదిన ఇచ్చినపుడు నాకు ఏడుపు రాలేదక్కా. వొదిన సంగతి నాకు ముందే తెలుసు."

కప్పులోంచి ఒక ముక్క ముంచుకుని తింది. ఫోర్కును కొస నుంచి మొదలుదాకా శుభ్రంగా నాకింది. తర్వాత కప్పు ఎత్తి, మిగిలిన చీజంతా మళ్లీ పెద్ద గిన్నెలో ఒంపేసింది. అదే ఫోర్కుతో కలిపింది. గిన్నెను నా వైపు జరిపింది.

"ఇప్పుడు తినుక్కా."

వదినను అడగలేదు. నన్నే అడిగింది. వదిన "ఛీ" అని లేచి స్నానాల గదిలోకి వెళ్లింది, కొళాయి తిప్పిన చప్పుడు వినపడింది. టైలరక్క అడక్కుండానే రొట్టె ముక్క ముంచుకుని నోట్లో వేసుకుంది. వాళ్ల ఇళ్లలో నలుగురూ ఒకే పళ్లెం చుట్టూ కూర్చుని తింటారు, ఆమెకు ఇదొక లెక్క కాదు.

నేను ఫోర్కు తీసుకున్నాను. ముక్క గుచ్చాను. గిన్నె మీదికి చెయ్యి చాపాను. చెయ్యి ఆగింది.

ఎంతసేపో ఆగలేదు. ఊపిరి ఒకసారి తీసి వదిలేంతసేపు. మా నాయనమ్మ పారబోయించిన కూర గుర్తొచ్చిందో, ఇంకేదైనా కారణమో, ఈ రోజుకూ నిజాయితీగా చెప్పలేను. టైలరక్క తన ఫోర్కు గిన్నెలో ఎన్నిసార్లు ముంచినా ఆగని చెయ్యి అప్పుడే ఆగింది. తర్వాత ముంచాను, తిన్నాను. ఇంకొకటి తిన్నాను. కారం నషాళానికెక్కేలా గబగబా తిన్నాను.

"చాల్లే అక్కా, చూసినా" అంది చెల్లెలు. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది.

తర్వాత ఆమె లేచి మామా గిన్నె తీసుకెళ్లి తోమింది. నేను వద్దంటున్నా వినలేదు. "మీ మామా వాళ్లమ్మది అన్యావు గదా, గీత పడకూడదు" అని గోరుతో గోకి గోకి అంటుకున్న చీజు తీసింది. ఫోర్కులన్నీ కడిగి, తుడిచి, నా సంచిలో సర్దింది. సింకు దగ్గరున్న తన గ్లాసులోంచి పీచు తీసి పక్కన పెట్టింది. గ్లాసును మూడుసార్లు కడిగి, చున్నీతో తుడిచి, హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది.

"వచ్చే శుక్రవారం వస్తావు గదా?" అన్నాను. నా గొంతు నాకే బిచ్చగత్తె గొంతులా వినపడింది.

"ఖలాస్ అక్కా. ఆ మంచం వాళ్ల ఊరామెకు ఇచ్చేయండి. నీకు మాట రాకుండా నేనే వద్దన్యానని చెప్పు."

బయట చెప్పులు వేసుకున్న చప్పుడు, మెట్లు దిగిన చప్పుడు. నేను వెనకాల వెళ్లలేదు.

సాయంత్రం అర్దియా చేరగానే మామా వంటింట్లోకి వచ్చి గిన్నెను ఇటూ అటూ తిప్పి చూసింది. ఎక్కడా గీత లేదని మెచ్చుకుంది. విందు ఎలా జరిగింది, ఎవరి ముక్క గిన్నెలో పడింది అని నవ్వుతూ అడిగింది. "నాదే మామా" అన్నాను. ఆమె ఇంకా నవ్వి లోపలికి వెళ్లిపోయింది.

అలమారలో పెట్టబోతూ కొళాయి తిప్పాను. సబ్బు వేశాను. సగం తోమాక చేతులు ఆగాయి. అది తోమి తెచ్చిన గిన్నె. చెల్లెలు గోటితో గోకి గోకి తోమిన గిన్నె. దాన్ని నేను మళ్లీ ఎందుకు తోముతున్నట్టు?