అప్ప వీడియోకి కత్తెర పెట్టిన ఆదివారం

కంపెనీలో ఉన్నన్నాళ్లూ నేను ఇనుప రేకులు కోసే మిషను మీదే పనిచేశాను. అక్కడ కోత పడిందంటే పడిందే, మళ్లీ అతకదు. అందుకే కొలిచి, సుద్దతో గీత గీసి, పక్కవాణ్ణి పిలిచి చూపించి, అప్పుడు గానీ పెడల్ తొక్కేవాళ్లం కాదు. షిఫ్టు దిగేముందు తుక్కంతా ఊడ్చి తొట్లో పోయాల్సిందే. రిటైరైనా ఆ అలవాటు పోలేదు. దాని మూలంగానే ఆ ఆదివారం నా గుండె ఆగినంత పనైంది.

మా అప్ప, అంటే మా పెద్దక్క, కంపెనీ పని కోసం మేం వచ్చి స్థిరపడ్డ ఈ హిందీ ఊళ్లో, బిర్సానగర్‌లో మా ఇంట్లోనే ఉంటుంది. పక్షవాతం వచ్చాక చెయ్యీ కాలూ కాస్త తేరుకున్నాయి గానీ మాట మాత్రం రాలేదు. మనం చెప్పేదంతా అర్థమవుతుంది. తను చెప్పబోతే మాట నాలుక దాకా వచ్చి ఆగిపోతుంది. అలవాటైన మాటలు వినిపిస్తూ ఉండండి, ఆవిడ గొంతే ఆవిడకి వినిపిస్తే ఇంకా మంచిది అన్నాడు డాక్టరు. అప్ప గొంతు మా దగ్గర ఉన్నది ఒకే ఒక్క వీడియోలో. పనసపొట్టు కూర వండటం చూపిస్తుంటే మా అమ్మాయి ఫోనులో తీసింది. ఆ ఫోను ఎప్పుడో పాడైపోయింది. వీడియో లాప్‌టాప్‌లో మిగిలింది.

అందులో అప్ప మాటల కంటే కుక్కరు విజిళ్లు, నా గోల ఎక్కువ. అవన్నీ తీసేసి అప్పను మాత్రమే మిగల్చాలని పట్టుబట్టాను. మా అమ్మాయి పక్కనే ఆదిత్యపూర్‌లో చిన్న ఫ్యాక్టరీలో కంప్యూటరు మీద డ్రాయింగులు గీస్తుంది, నిమిషంలో తనే చేసిపెడతానంది. ఊరికే కూర్చుని చూసే రకం కాదు నేను. నేర్పమన్నాను.

లాప్‌టాప్‌లో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ తెరిచి, వీడియోను తెచ్చి తెర కిందిభాగంలో పొడుగాటి పట్టీలా పరిచింది. దాని అడుగున శబ్దమంతా గుట్టలు గుట్టలుగా కనబడింది. అప్ప మాట్లాడిన చోట చిన్న గుట్టలు, నేను అరిచిన చోట కొండలు. మనిషి మాటకి ఒక ఆకారం ఉంటుందని అరవై దాటాక తెలిసింది నాకు. కత్తెర బొమ్మ ఎక్కడుందో చూపించి అమ్మాయి స్నానానికి వెళ్లింది.

పక్కన చూడ్డానికి ఒక మనిషి ఉండాలి గనక అప్పను కుర్చీలో కూర్చోబెట్టుకున్నాను. ఒక్కో విజిలూ కోశాను. మేమిద్దరం కీచులాడుకున్న పెద్ద కొండ ఒకటుంటే దాన్నీ కోసేశాను. చివరికి అప్ప గొంతు చక్కగా, వరసగా వినబడింది. ఇంక పాత వీడియోతో పనేముంది, అది తుక్కే గదా అని దాన్ని కూడా తీసి పారేశాను. మరుక్షణం తెరంతా ఎర్రబడింది. ఫైలు కనబడటం లేదని దాని మీద ఇంగ్లీషులో రాసి ఉంది.

అప్ప తెర వైపు చూసింది, తర్వాత నా వైపు చూసింది. బాత్రూం వైపు తిరిగి అమ్మాయిని కేకేశాను. ఉన్న ఒక్క గొంతునీ నా చేతులతో నేనే చెరిపేశాను అనుకున్నాను.

తడి జుట్టుతో పరిగెత్తుకొచ్చిన అమ్మాయి చెత్తబుట్ట బొమ్మ తెరిచి, నేను పారేసిన వీడియోను మళ్లీ దాని చోట పెట్టింది. ఎరుపు పోయింది, అప్ప పొయ్యి ముందు ప్రత్యక్షమైంది. అప్పటికీ కోసేసిన ముక్కల సంగతేంటని గొణుగుతూనే ఉన్నాను.

"డాడీ, కుఛ్ కటా హీ నహీ," అంది. అసలేమీ తెగలేదట. ఎక్కడ మొదలవ్వాలో, ఎక్కడ ఆగాలో గుర్తుపెట్టుకుంటుందే తప్ప ఇది దేన్నీ కోయదట. ముక్క అంచు పట్టుకుని లాగి చూడమంది. లాగాను. పోయిందనుకున్న విజిలు కూసింది. జీవితమంతా కోసినవాణ్ణి, కోసింది వెనక్కి రావడం ఎన్నడూ చూడలేదు. దండం పెట్టాలనిపించింది.

అప్ప వేలితో తెర మీద ఒకచోట తట్టింది. పెద్ద కొండ ఉండాల్సిన చోటు అది. మన తగువెందుకప్పా అన్నాను. మళ్లీ తట్టింది, ఈసారి గట్టిగా. చేసేది లేక అక్కడి అంచు లాగి, ఆడించాను. వీడియోలో నా గొంతు ఖంగుమంది.

"ఆవ ఎక్కువేసేత్తన్నావప్పా, సేదొచ్చేత్తాది."

వీడియోలో అప్ప గరిటె ఎత్తింది. ఇంకా నోరు తెరవలేదు. ఈలోగా నా పక్క కుర్చీలోంచి, ముద్దముద్దగానే గానీ తెలిసేటట్టు వచ్చింది మాట.

"నోరు ముయ్‌రా."

ఆ వెనకే వీడియోలో అప్ప కూడా అదే అంది. అమ్మాయి తువ్వాలు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నేను, అప్ప ఎన్నిసార్లు చెప్పినా వినని వాణ్ణి, ఆ పూట చెప్పగానే నోరు మూసుకున్నాను.