యాదమ్మ గాజు మీది ఎర్ర రాళ్లు

కోవిడ్ సద్దుమణిగిన మరుసటి ఏడాది. పాతబస్తీలోని ఒక ఆస్పత్రిలో స్టడీ నర్సుగా ఉన్నాను. కొత్త మందు ప్రయోగంలో చేరిన రోగుల మంచిచెడ్డలు రాసి భద్రపరచడం నా పని. ఫైలులో ఒక్క కొట్టివేత కనబడినా నాకు మనసు మనసులో ఉండదు, అదొక జబ్బు.

అప్పుడు మేం పరీక్షిస్తున్నది పొటాషియం ఛానల్ బ్లాకర్. నరాల కణాల్లోంచి పొటాషియం బయటకు పోయే దారులను కొంత మూసి, చిన్నమెదడు పనిని నిలకడగా ఉంచుతుందని ఆశ. వంశంలో వచ్చే ఎపిసోడిక్ అటాక్సియా ఉన్నవాళ్లకు ఉన్నట్టుండి ఒళ్లు తూలుతుంది, మాట తడబడుతుంది, కొన్ని గంటలకు సర్దుకుంటుంది. వాళ్లకు ఒక నెల మందు, ఒక నెల ప్లాసిబో, అంటే మందు లేని మాత్ర. ఏ నెల ఏదో వాళ్లకూ తెలియదు, మాకూ తెలియదు.

యాకుత్‌పురా యాదమ్మ ఇంట్లోనే లక్క గాజులకు రాళ్లు అద్దేది. తన తల్లి నుంచి ఆమెకు వచ్చిన ఈ జబ్బు తొమ్మిదేళ్ల కూతురు స్వప్నకూ మొదలైంది. యాదమ్మకు చదువు రాదు కనుక ఆమెకు ఎలా ఉందో రోజూ మేమిచ్చిన డైరీలో రాసేది ఆటో నడిపే భర్త కిష్టయ్య. రెండు నెలలూ నీలి అక్షరాల్లో "మంచిగుంది, మంచిగుంది". అంత శుభ్రమైన డైరీ చూసి నేను మురిసిపోయాను.

చివరి రోజున, డైరీ పైకి చదవమని ఆమె అడిగింది. చేతికున్న రెండు గాజులు తీసి, నేను చదువుతుంటే ఒక్కో రాయి మీద బొటనవేలు జరుపుతోంది. మూడో రోజుకే ఆపింది.

"ఆ దినం నేను గోడ పట్టుకొని కూసున్న మేడం. గిక్కడ ఎర్ర రాయి ఉన్నది."

రోజుకో రాయి. మంచి రోజుకు తెల్లది, తూలిన రోజుకు ఎర్రది. ఆ రోజు చెయ్యి నిలవదు కాబట్టి మరునాడు పొద్దున్నే లక్క వేడిచేసి అద్దేదట. నెలకో గాజు.

పక్కనే ఉన్న కిష్టయ్య తల దించుకున్నాడు. "ఖరాబ్ అని రాస్తే మందు బంద్ చేస్తరని ఫికరైంది మేడం. బిడ్డకు గూడ అక్కరకొస్తదనుకుంటిమి."

యాదమ్మ అతన్ని తిట్టలేదు. "మందు పని చెయ్యకపోతే చెయ్యలేదనే రాయాలె. రేపు నా బిడ్డ మింగేది గదే గదా," అంది.

నాకు సిగ్గేసింది. తప్పు రాతను మెచ్చుకున్నది నేనే. మా ప్రయోగం చూసే డాక్టర్ గారు జరిగినదంతా దాన్ని నడిపించే పై వాళ్లకు రాశారు. వాళ్లు గాజులనే సోర్స్ డాక్యుమెంట్‌గా, అంటే మొదటి ఆధారంగా ఒప్పుకున్నారు. ఫొటోలు తీసి, డైరీలో తప్పులు ఒక్కొక్కటే కొట్టి, పక్కన తేదీ వేసి సంతకం చేశాను.

ప్రయోగం ముగిసి రహస్యం విప్పినప్పుడు తెలిసింది: సగానికి సగం ఎరుపెక్కిన మొదటి గాజు ప్లాసిబో నెలది. మందు నెల గాజు మీద ఎర్రవి మూడే. కిష్టయ్య రాత నిలిచి ఉంటే రెండు నెలలూ ఒక్కలాగే కనబడేవి, యాదమ్మకు మందు పని చేసిందన్న సంగతే మరుగున పడేది. మందును కాపాడాలనుకున్న మనిషే దాన్ని ముంచబోయాడు.

అప్పటి నుంచి నేను శుభ్రమైన డైరీని నమ్మను. ఇంట్లో ఎట్లా గుర్తుపెట్టుకుంటారో ముందు అడుగుతాను, రాసింది వాళ్లకే చదివి వినిపిస్తాను. స్వప్నకు ఇప్పుడు పన్నెండేళ్లు, డాక్టర్ గారి కనుసన్నల్లో అదే మందు వాడుతోంది. మొన్న వచ్చినప్పుడు నేను డైరీ తెరవకముందే గాజున్న చెయ్యి చాచింది.

"ఈసారి రెండు ఎర్రయి మేడం. రాసుకోండి."