సిద్దిపేటకు వచ్చిన మొదటి రైలు

మొన్న దవాఖానలో సూది వేసే ముందు నర్సు నా చేతికి స్పిరిట్ రాసింది. ఆ చల్లని ఘాటు ముక్కుకు తగలగానే సూది భయం పోయి ఖాజా ఉస్తాద్ గుర్తొచ్చాడు. మీరాయన్ని చూసి ఉండరు. సిద్దిపేటలో స్టవ్వులు బాగుచేసేవాడు. ఆయన ఊదితే ఆరిన స్టవ్వే కాదు, ఆరిన మనిషి కూడా వెలిగేవాడని చెబుతుంటాను. అందులో సగం నిజం. పదేళ్లు ఆయన దగ్గర పనిచేశాను. ఈ చేతులకు పని నేర్పింది ఆయనే. నోటికి మాత్రం ఎవరూ నేర్పలేదు.

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులవి. సమ్మెతో బస్సులు ఆగాయి. ఊరి నడుమ దీక్షా శిబిరం వెలిసింది. వేరే ఊళ్లవాళ్లు రైలు పట్టాల మీద కూర్చుంటుంటే, మనం కూర్చుందామంటే మా ఊరికి పట్టాలే లేవు. ఆ బాధలోంచే ఉస్తాద్‌కు ఒక పిచ్చి పుట్టింది. కరెంటుతో నడిచే బొమ్మ రైలింజనును ఆవిరితో నడిచేలా మార్చుకునే కిట్టు ఒకటి ఆయనకు హైదరాబాదు పాత సామాన్ల బజారులో దొరికింది. అందులో బాయిలరుకు రాగి రేకులు, రెండు సిలిండర్లు ఉన్నాయి. మిగిలినవి మనమే వెతుక్కోవాలి. చక్రాలు, చట్రం ఒక పాడైన బొమ్మ ఇంజనులోంచి తీశాం. గొట్టాలు పాత పంపుస్టవ్వులవి. పొగగొట్టం మా అత్తగారి ఇత్తడి గ్లాసు. ఆమె దాన్ని ఇంకా వెతుకుతూనే ఉంది.

బాయిలరు అతికే పని నాకే ఇస్తాడనుకున్నాను. అప్పుడొచ్చాడు రాజమల్లు. బస్సు డిపోలో మెకానిక్కు, సమ్మెలో ఉన్నాడు. పొద్దుపోక మా దుకాణంలో కూర్చునేవాడు. మూడో రోజే ఉస్తాద్ రాగి రేకులు అతని చేతికిచ్చి, నన్ను చక్రాలు ఆకురాయితో రుద్దమన్నాడు. రాజమల్లు రేకుల మధ్య వెండి కరిగించి అతుకు వేశాడు చూడండి, చీమ ఎక్కితే జారిపడేంత నున్నగా. ఉస్తాద్ దాని మీద వేలు జరిపి, "చెయ్యంటే గిట్లుండాలె," అన్నాడు. పదేళ్లలో నాతో ఆ మాట అనలేదు. ఆ పూట నాకు అన్నం సహించలేదు.

ఉస్తాద్ పద్ధతి ఒకటుంది. నిప్పు పెట్టకముందు బాయిలరు నిండా నీళ్లు నింపి, చేతిపంపుతో ఒత్తిడి పెట్టి చూడాలి. లోపముంటే నీళ్లు కారతాయంతే, ఆవిరైతే పేలుతుంది. ఆ పరీక్ష నాకప్పగించి ఆయన నమాజుకు పోయాడు. నేను పంపు ముట్టుకోలేదు. తిరిగొచ్చి అడిగితే, "చూసిన ఉస్తాద్, సుక్క కారలె," అన్నాను. శిబిరంలో అందరి ముందు ఆ అతుకు ఊడాలి, రాజమల్లు తల దించాలి. నాకు కావలసిందల్లా అదే. పేలితే ఏమవుతుందన్నది నా కుళ్లుకు తట్టలేదు.

మర్నాడు శిబిరం ముందు బల్లల మీద బొమ్మ పట్టాలు పరిచాం. వాటి మీద కూర్చునే వీల్లేదు గనుక, రైలును ఆపడానికి పెద్దమనుషులు పట్టాలకు అడ్డంగా తలా ఒక చెయ్యి పెట్టారు. బాయిలరు తప్ప మిగతా ఇంజనంతా చేసింది నేనేనని అప్పటికే ఊరంతా చాటాను. ఉస్తాద్ బాయిలరు కింద స్పిరిట్ దీపం వెలిగించాడు. నీళ్లు సన్నగా పాడడం మొదలుపెట్టాయి. రాజమల్లు వంగి అతుకు దగ్గర చెవి పెట్టాడు. అతని చెంపకూ బాయిలరుకూ మధ్య జానెడు కూడా లేదు. వట్టి చేత్తో దీపం లాగి పారేశాను. వేళ్లు కాలాయి.

"నీళ్లు పెట్టి సూడలె ఉస్తాద్. అబద్ధం చెప్పిన," అన్నాను, ఆయనకే వినపడేలా.

ఆయన నన్ను చూశాడు. తర్వాత జనం వైపు తిరిగి, "ఇన్నేండ్ల సంది రాని రైలు. ఇంకో గంట ఆగలేరా?" అన్నాడు. అందరూ నవ్వారు.

చల్లారాక అక్కడే నీళ్లు నింపి పంపు నా చేతికిచ్చాడు. కొట్టాను. రాజమల్లు అతుకు పొడిగా ఉంది. నీళ్లు చిమ్మింది, ఎక్కువైన ఆవిరిని వదిలే సేఫ్టీ వాల్వు మొదట్లోంచి. ఆ వాల్వు బిగించింది నేను. ఉస్తాద్ పానా నాకే ఇచ్చి, బిగిస్తుంటే పక్కన కూర్చుని మెల్లగా అన్నాడు: "నర్సింలూ, నీ కథలకు నేను గూడ నవ్వుత. గని నిప్పు కాడ కూసున్నోనికి కథ చెప్పకు."

ఇంజను నడిచింది. ఆపాల్సినవాళ్లు ఒక్కొక్కరే చేతులు తీసి దారిచ్చారు. శిబిరం నాయకుడే, "పోనియ్యిన్రి, మన రైలు," అన్నాడు. రైలును ఆపని రైల్ రోకో భూమ్మీద అదొక్కటే.

ఉస్తాద్ ఇప్పుడు లేడు. కుళ్లు మాత్రం పోలేదు. పక్కవాడి పనిని ఎవరు మెచ్చుకున్నా ఇప్పటికీ కడుపు మండుతుంది. కాకపోతే, ముందు నేను బిగించిన చోట తడి ఉందేమోనని వేలు పెట్టి చూసుకుంటాను. ఈ కథ వంద చోట్ల చెప్పాను. వంద చోట్లా బాయిలరు అతికింది నేనే. ఇక్కడ రాజమల్లు పేరు రాయడానికి మూడు కాగితాలు చించాను.