సత్తెమ్మ ఆపిన బండి

అమీర్‌పేట ఇంకా పల్లెగా ఉన్న రోజుల్లో అక్కడ ఎవరైనా "మీ అయ్య" అని మాట మొదలుపెట్టారంటే సత్తెమ్మకు ఒళ్లు మండేది. ఆ మాట వెనకాల ఎప్పుడూ ఏదో ఒక బరువు ఉండేది, దాన్ని ఆమే ఎత్తాల్సి వచ్చేది.

"మీ అయ్య నా ఏలు ఇరగ్గొట్టిండు బిడ్డా, జర గీ రోలు పెరట్ల పెట్టిపో," అనేది రుద్రమ్మ. నలుగురు మగవాళ్లు కదిలించలేని రోలును సత్తెమ్మ చంకన పెట్టుకుని తీసుకుపోయి పెరట్లో దించేది. రెండు రోజులు గడవకముందే రుద్రమ్మ మళ్లీ గుమ్మంలో నిలబడేది. పెరట్లో ఎండ కొడుతోందట, వాకిట్లోనే బాగుండేదట. ఆ మాట చెప్పి, వంకర తిరిగిన వేలును ముఖం ముందు ఆడించేది.

ఐలయ్యదీ అదే వరస. అతనికి ఎడమ కాలు కుంటి. బండి బురదలో దిగబడితే ఎద్దులను అదిలించడం కూడా మానేసి, సత్తెమ్మ ఇంటివైపు తిరిగి కేకేసేవాడు. "మీ అయ్య పుణ్యమా అని నాకు దిగి నెట్టే కాలు లేకపాయె. నువ్వే రావాలె." మంగలి బుచ్చయ్యకు ముందు పళ్లు రెండు లేవు. ఆ పళ్ల పేరు చెప్పి అతను తన ఇంటి దూలాలు ఎత్తించుకున్నాడు, తర్వాత తన తమ్ముడి ఇంటి దూలాలు కూడా ఎత్తించాడు. తమ్ముడి పళ్లు మాత్రం చక్కగా ఉన్నాయి.

వీధిలోకి అడుగు పెడితే చాలు, తండ్రి చేసినదంతా ఆమెకు కుంటుకుంటూ ఎదురొచ్చేది.

తండ్రి మొగిలయ్య పంజగుట్ట అవతల తోటల నడుమ ఉన్న ఒక దొర బంగళాలో, దేవిడీలో, పనిచేసేవాడు. పని అంటే కొట్టడమే. దొర ఇంటికి వెట్టికి రానివాళ్లను, గడ్డిమోపు ఆలస్యంగా తెచ్చినవాళ్లను, ఎదురు మాట్లాడినవాళ్లను కొట్టాలి. కట్టె పట్టడం నామోషీ అనుకునేవాడు. చేతులే చాలని చెప్పుకునేవాడు, చాలేవి కూడా.

సత్తెమ్మ చిన్నపిల్లగా ఉన్నప్పుడు పంజగుట్ట రాళ్లగుట్టల నుంచి రాయి తెస్తున్న బండి ఒకటి ఒరిగి, ఒక లేగదూడ దాని కింద పడింది. మగవాళ్లు తాళ్ల కోసం పరుగెత్తారు. ఆ పిల్ల వంగి, బండి అంచు పట్టుకుని పైకి లేపింది. దూడ లేచి పోయింది. మొగిలయ్య కూతుర్ని భుజాన ఎక్కించుకుని ఊరంతా తిప్పాడు. "నా రక్తం, నా చేతులు," అన్నాడు. ఆరోజు ఆమెకు ఎంత సంతోషమైందంటే, తర్వాత తలచుకున్నప్పుడల్లా సిగ్గేసేది.

ఆమెకు పెళ్లీడు వచ్చేసరికి తల్లి లేదు. మొగిలయ్యకు పక్షవాతం వచ్చి కుడివైపంతా పడిపోయింది. పాత నౌకరని దేవిడీవాళ్లు నెలనెలా జొన్నలు పంపేవారు. పొద్దున అతన్ని మంచంతో సహా ఎత్తి బయట పెట్టడం, ఎండెక్కాక మళ్లీ లోపల పెట్టడం సత్తెమ్మ పని. అతని నోరు మాత్రం పడిపోలేదు.

"ఐలయ్యకు ఒక్కటే దెబ్బ. ఆ చప్పుడు నువ్వు ఇనాల్సి ఉండె."

"నాకొద్దు ఆ చప్పుడు. అంబలి తాగు."

"ఎండుకట్టె ఇరిగినట్టు..."

"అయ్యా, తాగు."

ఇంట్లో ఈ గోల, బయట ఆ గోల. ఒక వేసవి మధ్యాహ్నం రుద్రమ్మ రోలు మాటెత్తుకుని మళ్లీ వచ్చింది, ఆ వారంలో మూడోసారి. ఇక చాలన్నట్టు సత్తెమ్మ చెయ్యి పైకి లేచింది. ముసలామె చప్పున కూలబడి, తల మీద రెండు చేతులూ అడ్డం పెట్టుకుని ముడుచుకుపోయింది. ఆమె ఒంటికి అది ఎప్పుడో అలవాటైన పని. సత్తెమ్మ చెయ్యి గాలిలోనే ఉండిపోయింది. వద్దని చెప్పడానికే లేపానని తనకు తాను ఎన్నిసార్లు చెప్పుకున్నా, అది నిజమో కాదో ఆమెకు తేలలేదు. ఆ తర్వాత ఎవరు ఏం మొయ్యమన్నా పళ్లు బిగబట్టి మోసింది.

ఆ రోజుల్లోనే గుంటూరు వైపు నుంచి తబితా టీచరమ్మ వచ్చింది. పంజగుట్టలో ఒక పెంకుటింట్లో పిల్లలకు చదువు చెప్పేది. ఒకనాడు దారిన పోతున్న సత్తెమ్మను పిలిచింది.

"ఈ హార్మోనియం పెట్టె బండి మీద నుంచి దింపాలమ్మా. నీకు వీలవుతుందా?"

సత్తెమ్మ మిగతా మాట కోసం ఎదురుచూసింది. అది రాలేదు.

"మా అయ్య నిన్నేం జేసిండు?" అని తనే అడిగింది.

"మీ నాన్నగారెవరో నాకు తెలీదే. వీలు కాకపోతే చెప్పు, పర్లేదు. రేపు ఎవరైనా వస్తారు."

సత్తెమ్మ పెట్టె దింపింది. ఇంటికి పోతుంటే దారిపొడవునా చిరాకుగా ఉంది. ఇట్లా కూడా అడగవచ్చన్న మాట. మరి ఇన్నేళ్లూ ఒక్కరికైనా నోరు రాలేదేం?

వానాకాలానికి ముందు దేవిడీ వ్యవహారాలు చూసే రాజనర్సయ్య ముక్తార్ గొడుగుతో వచ్చి మొగిలయ్య మంచం పక్కన నిలబడ్డాడు.

"నీ జాగ ఖాళీగనే ఉన్నది మొగిలయ్యా. ఆడోళ్లు సుత వెట్టికి ఎగ్గొడుతున్నరు. ఇప్పుడు వాళ్ల మీద మొగోడు చెయ్యేస్తే బద్నాం. నీ బిడ్డ అయితే ఎవ్వడేమంటడు?"

మొగిలయ్య కళ్లలో నీళ్లు తిరిగాయి, సంతోషంతో. "పో బిడ్డా. ఇంటి కొలువు ఇంట్లనే ఉంటది."

"నేను రాను," అంది సత్తెమ్మ.

"ఎందుకు రావు? ఊరందరి రోళ్లు మోస్తనే ఉన్నవు గద," అన్నాడు ముక్తార్.

"రోలుకు నొప్పి ఉండదు."

ముక్తార్ నవ్వాడు. "సోంచాయించు. జొన్నలు యాడికెల్లి వస్తున్నయో సుత సోంచాయించు."

అతను పోయిన తర్వాత మొగిలయ్య మూడు పూటలు తిండి ముట్టలేదు. నాలుగో పూట మాత్రం కూర ఏమిటని అడిగాడు.

తొలకరి పడింది. అందరూ విత్తనాల పనిలో ఉండగా ముక్తార్ ఇద్దరు నౌకర్లతో ఐలయ్య వాకిట్లోకి వచ్చాడు. బేగంపేట స్టేషన్‌లో షాబాదు బండలు దిగాయి, దేవిడీకి చేర్చాలి, బండి కావాలి. ఐలయ్య బతిమాలాడు. నేల పదును పోతే ఏడాది తిండి పోతుందన్నాడు. నౌకర్లు వినిపించుకోకుండా అతని ఎద్దులనే బండికి కట్టారు.

నీళ్ల కడవతో అటు వస్తున్న సత్తెమ్మను చూసి ఐలయ్య గొంతు పెంచాడు. "చూడు, మీ అయ్య నా కాలు ఇరగ్గొట్టింది సుత గిందుకే. అప్పుడు సుత బండి ఇయ్యనన్న."

ఇన్నేళ్లలో కాలు సంగతి వెయ్యిసార్లు చెప్పినవాడు ఈ ముక్క ఒక్కసారీ చెప్పలేదు. సత్తెమ్మకు అతని మీద కూడా కోపం వచ్చింది. కడవ దింపింది. బండి వెనక్కి పోయి, చక్రాన్ని రెండు చేతులతో పట్టుకుంది.

నౌకరు ఎద్దులను అదిలించాడు. అవి మెడలు వంచి లాగాయి. బండి కదల్లేదు. చర్నాకోలతో కొట్టాడు. సత్తెమ్మ మడమలు తడిమట్టిలో దిగిపోయాయి, చేతుల నరాలు ఉబ్బాయి, చక్రంలో ఏదో పటుక్కుమంది. బండి అక్కడే ఉంది. ఇరుగుపొరుగు ఒక్కొక్కరే గడపలు దాటి వచ్చి నిలబడ్డారు.

ముక్తార్ ఆమె దగ్గరగా వచ్చాడు. "కొట్టు. మొగిలయ్య బిడ్డవే గద. ఒక్క దెబ్బ కొట్టు, పోలీస్ పటేల్‌ను పిలిపిస్త."

"నేనెవర్నీ కొడతలేను. బండి పట్టుకున్న, గంతే."

"ఎంతసేపు పట్టుకుంటవ్?"

"మీకు తీరికున్నంతసేపు."

రెండో నౌకరు ఆమె రెక్క పట్టుకుని గుంజబోయాడు. ఆమె కదల్లేదు, అతని కాలే జారి బురదలో వెల్లకిలా పడ్డాడు. బుచ్చయ్య పళ్లు లేని నోటితో నవ్వాడు. బుచ్చయ్యను చూసి అందరూ నవ్వారు. దేవిడీ మనిషిని చూసి ఆ వీధి నవ్వడం అదే మొదలు. ముక్తార్ తిట్లను తట్టుకోగలడు కానీ ఆ నవ్వును తట్టుకోలేకపోయాడు. వాన లేకపోయినా గొడుగు విప్పుకుని, "ఈ నెలకెల్లి జొన్నలు బంద్," అని వెళ్లిపోయాడు.

సత్తెమ్మ చేతులు వదిలింది. అరచేతులు చెక్కుకుపోయాయి. ఐలయ్య వంగి చక్రం పుల్లలు ఒక్కొక్కటే తడిమి చూశాడు.

"ఆకు ఇరిగింది," అన్నాడు. "అయ్య కాలు ఇరగ్గొట్టిండు, బిడ్డ బండి ఆకు ఇరగ్గొట్టింది."

అక్కడితో ఆమె ఓపిక అయిపోయింది. ఈసారి చెయ్యి లేవలేదు కానీ గొంతు లేచింది.

"మా అయ్య సావలే. మంచంల ఉన్నడు, ఎటూ పోలేడు. మీ కాళ్లు, ఏళ్లు, పళ్లు ఏవున్నా పోయి ఆయన్నడుగుండ్రి. నాతోని పనుంటే నన్నడుగుండ్రి. సత్తెమ్మా చేస్తవా అని అడుగుండ్రి. చేస్తనో, చెయ్యనో చెప్త."

రుద్రమ్మ మెల్లగా, "మరి నా రోలు, సత్తెమ్మా?" అంది.

"ఇయ్యాల చెయ్యను," అంది సత్తెమ్మ, కడవ ఎత్తుకుంటూ.

ఆ సాయంత్రం ఐలయ్య నిజంగానే వచ్చి మొగిలయ్య మంచం పక్కన కూర్చున్నాడు. సత్తెమ్మ పొయ్యి దగ్గర నుంచి లేవలేదు.

"నా కాలు ఎందుకు ఇరగ్గొట్టినవ్?"

"ఏ కాలు?"

"యాదికి లేదా?"

"చప్పుడు యాదికున్నది. కుడికాలు గద."

ఐలయ్య అడుగడుగునా మోసిన కాలు ఏ వైపుదో కొట్టినవాడికి తెలియదు. "ఎడమది," అన్నాడు ఐలయ్య. "ఎడమ కాలు మొగిలయ్యా. చూడు." పంచె పైకెత్తి చూపించాడు.

మొగిలయ్య చాలాసేపు చూశాడు. తర్వాత కళ్లు పక్కకు తిప్పుకుని నీళ్లడిగాడు. సత్తెమ్మ విననట్టే కూర్చుంది. ఐలయ్య చెంబు తీశాడు కానీ అందించలేదు.

"ఏ కాలో చెప్పు."

"ఎడమదే," అన్నాడు మొగిలయ్య. "ఇప్పుడు యాదికొచ్చింది."

నిజంగా గుర్తొచ్చిందో, దాహానికే అన్నాడో ఐలయ్యకు అర్థం కాలేదు. నీళ్లు మాత్రం పట్టాడు, పట్టినంతసేపూ తిట్టాడు.

జొన్నలు ఆగిపోయాయి. సత్తెమ్మ బేగంపేటలో విమానాల మైదానం చదును చేసే కూలీల్లో చేరింది. నలుగురు లాగే రోలరును ఒక్కతే లాగుతోందని మేస్త్రీ మురిసి, ఒక్కరి కూలీ మాత్రమే ఇచ్చాడు. ఆమె రోలరు అక్కడే వదిలేసి చెట్టు కింద కూర్చుంది. రెండు రోజులకు అతను ఇద్దరి కూలీకి ఒప్పుకున్నాడు.

ఐలయ్య రాకపోకలు మాత్రం ఆగలేదు. ఆ ఎడమ కాలు సంగతి మొగిలయ్య మళ్లీ మరిచిపోతాడేమోనని రోజూ వచ్చేవాడు. ఇద్దరూ ఒకరి మాట మీద ఒకరు పడి అరుచుకునేవారు. పొద్దు గూకినా, పొయ్యి మీద కుండ ఉడికినా అతను లేచేవాడు కాదు. సత్తెమ్మ విసుక్కుంటూనే ఎసట్లో ఇంకో గుప్పెడు పోసేది.